ఏ కంప్యూటర్లకు మాట ఇవ్వగలం?

మేమిద్దరం ఉపాధ్యాయులం. మాలో ఒకరం తెలుగు చెబుతాం, మరొకరం కంప్యూటర్ సైన్స్ చెబుతాం. పదకొండేళ్లలో ఐదు విద్యాలయాలు మారాం. బదిలీ ఉత్తర్వు చేతికి అందిన ప్రతిసారీ సామాను సగం అమ్మేసి, సగం లారీకెక్కించి వెళ్లడం అలవాటైపోయింది. ఏ ఊరు మారినా అమ్మకుండా, లారీకెక్కించకుండా మా వెంట తెచ్చుకున్నది ఒకటుంది. దాని పేరు ‘ఒత్తులబడి’. అదొక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం.

అది ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. మా విద్యాలయాల్లో హిందీ ప్రాంతపు పిల్లలకు మూడో భాషగా తెలుగు ఉంటుంది. వాళ్లలో కొందరు తొమ్మిదో తరగతిలో ఏడాదిపాటు తెలుగు నేల మీదికి వెళ్లి చదువుకుంటారు. అచ్చులు, హల్లులు, గుణింతాలు వాళ్లకు తొందరగానే పట్టుబడతాయి. చిక్కంతా ఒత్తుల దగ్గరే వస్తుంది. దేవనాగరిలో ‘పుస్తకం’ రాస్తే సకారం సగమై, తకారం నిండుగా పక్కన నిలుస్తుంది. మనకు సకారం నిండుగా ఉండి, తకారం రూపు మార్చుకుని కిందికి దిగుతుంది. తలకిందులైన ఈ లెక్క పిల్లల చేతికి అలవాటు కావాలంటే వందసార్లు చేయించాలి. నలభై మందికి వందసార్లు దిద్దించే ఓపిక మాకు లేక, కంప్యూటర్‌కు అప్పగించాం. పిల్లవాడు ఒక మాట వింటాడు, కింద చేరాల్సిన ఒత్తును ఎంచుతాడు, ‘సరిచూడు’ అన్న బొత్తాం నొక్కుతాడు. అంతే దాని పని.

దీన్ని ఓపెన్ సోర్స్‌గా ఉంచాం. అంటే ప్రోగ్రాం రాసిన వాక్యాలన్నీ బహిరంగం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. మేము విడిచి వచ్చిన విద్యాలయాల్లో కొన్ని దాన్ని విడిచిపెట్టలేదు. ఇప్పుడు ఒత్తులబడి నాలుగు చోట్ల నడుస్తోంది. నాలుగు చోట్లా కంప్యూటర్లు నాలుగు రకాలు. ఈ ఏడాది కొత్త రూపం తయారుచేస్తూ, ‘ఇది ఏయే కంప్యూటర్లలో పనిచేస్తుంది’ అన్న చిన్న జాబితా రాయడానికి కూర్చున్నాం. ఒక పూటలో అయిపోతుందనుకున్న పనికి రెండు నెలలు పట్టింది.

ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, దాన్ని ‘బిల్డ్’ చేయడం ఒక ఎత్తు. మనం రాసిన వాక్యాలను ఫలానా యంత్రం నడపగలిగే రూపానికి తెచ్చి, దానికి కావలసిన తోడు సామగ్రి అంతా చేర్చి మూట కట్టడాన్నే బిల్డ్ అంటారు. హిమాచల్‌లో ఉన్నప్పుడు మాకు వంటింట్లో ఇదే పాఠం దొరికింది. కింద ఊళ్లో అరగంటలో ఉడికే కందిపప్పు అక్కడ గిన్నెలో ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉండేది. పప్పు అదే, నీళ్లు అవే, చెయ్యీ అదే. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేనిదే పని జరగదు. మన పొయ్యి మీద ఉడికింది కదా అని అందరి పొయ్యి మీదా ఉడుకుతుందని కాగితం మీద రాసి ఇవ్వలేం. ఉడుకుతుందని చెప్పాలంటే ఆ పొయ్యి మీద ఎవరో ఒకరు వండి చూడాలి.

పెద్ద పెద్ద ప్రాజెక్టులే ఈ జాబితా దగ్గర ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డాయని పాఠం కోసం చదువుతుంటే తెలిసింది. డెబియన్ సంగతే తీసుకోండి. 1993లో మొదలైన లినక్స్ పంపిణీ అది. మన దేశంలో సీడాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్‌కూ అదే మూలం. డెబియన్ వాళ్లు 2002 జూలైలో ఒక రూపం విడుదల చేశాక, తర్వాతి రూపం రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. దాదాపు మూడేళ్లు! ఆ ఆలస్యానికి కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి, పదకొండు రకాల ప్రాసెసర్లకు ఒకేసారి సిద్ధం కావాలన్న పట్టుదల. వేలకొద్దీ ప్యాకేజీల్లో ప్రతి ఒక్కటీ పదకొండు చోట్లా బిల్డ్ కావాలి. వేగంగా నడిచే యంత్రం గంటలో ముగించిన పని పాత మోటరోలా 68000 కుటుంబపు యంత్రం మీద రోజులు పట్టేది. మిగతా పదిమంది బస్సెక్కి కూర్చుని, ఆ ఒక్క ప్రయాణికుడి కోసం ఎదురుచూసినట్లు ఉండేది.

అందుకని 2005 మార్చిలో వాంకూవర్‌లో కూడిన కొందరు బాధ్యులు, ప్రధాన విడుదలను నాలుగు రకాలకే పరిమితం చేద్దామని ప్రతిపాదించారు. గొడవ గొడవ అయింది. తమ యంత్రాన్ని ప్రేమించేవాళ్లకు అది ఇంట్లోంచి వెళ్లగొట్టినట్లే తోచింది. ఆ ప్రతిపాదన ఉన్నదున్నట్లు అమలు కాలేదు. కానీ అందులోంచి పుట్టిన ప్రశ్నలు నిలిచిపోయాయి. ఆ యంత్రం బజారులో దొరుకుతోందా? మిగతావాటితో సమానంగా బిల్డ్ చేయగల సామర్థ్యం ఉందా? అది చెడిపోతే కూర్చుని బాగుచేసే మనుషులు ఎంతమంది? వాడేవాళ్లు నిజంగా ఉన్నారా? 2007 విడుదల నాటికి 68000 కుటుంబం జాబితాలోంచి బయటికి వెళ్లింది. అదే విడుదలలో 64 బిట్ పీసీ లోపలికి వచ్చింది.

ఇక్కడ మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాయడం మొదలుపెట్టింది ఇంటెల్ 386 ఉన్న తన కంప్యూటర్ మీదే. 2012 డిసెంబర్‌లో లినక్స్ లోంచి 386కు మద్దతు తీసేశారు. పుట్టిన ఇల్లే ఇక పనికిరాదన్నమాట! అందుకు ఆయన బెంగపడలేదు సరికదా, వదిలిందని సంతోషించాడు. ఆ ఒక్క చిప్ కోసం మోస్తున్న ప్రత్యేక ఏర్పాట్లు అన్ని చోట్లా పనికి అడ్డు తగిలేవి. మాలో తెలుగు చెప్పే మనిషికి ఇది కొంచెం కఠినంగానే తోచింది. ఇద్దరం ఆ పూట సాయంత్రమంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. అందులో 32 బిట్ పీసీలకు కెర్నల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. 64 బిట్ యంత్రం మీద పాత 32 బిట్ ప్రోగ్రాంలు నడుపుకోవడానికి కొంత భాగం మాత్రం ఉంచారు. ఇక పాత యంత్రాన్ని డెబియన్ 12 దగ్గరే ఆపుకోవాలి. దానికి దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉంటుందన్నారు. ఆ డెబియన్ 13 లోనే మరోవైపు రిస్క్-ఫైవ్ అన్న కొత్త ప్రాసెసర్ కుటుంబం మొదటిసారిగా అధికారిక జాబితాలో చేరింది. ఐఐటీ మద్రాసు వాళ్ల ‘శక్తి’ ప్రాసెసర్‌ది కూడా ఆ కుటుంబమే. పన్నెండో తరగతి పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ల కళ్లు మెరిశాయి. కానీ మాకు అప్పటికప్పుడు తగిలింది మాత్రం మొదటి వార్తే. ఎందుకంటే హిమాచల్ విద్యాలయంలోని కంప్యూటర్లన్నీ 32 బిట్ డెబియన్ 12 మీదే ఉన్నాయి. వచ్చే ఏడాది తెలుగు నేల మీదికి వెళ్లాల్సిన ఎనిమిదో తరగతి పిల్లలు ఉన్నదీ అక్కడే. ఒత్తులు రాకుండా వెళ్లిన పిల్లవాడికి అక్కడ మొదటి మూడు నెలలు ఎలా గడుస్తాయో మాకు తెలుసు. బోర్డు మీద మాట చదవలేక, పక్కవాడి నోటు చూసి గీతలు గీస్తూ కూర్చుంటాడు.

“జాబితాలో పెట్టేస్తే పోతుంది కదండీ, ఖర్చేముంది? ఒక్క వాక్యమే కదా” అని ఒకరం.

“వాక్యం కాదు, మాట ఇవ్వడం. రేపు అక్కడ ఆగిపోతే చూసేదెవరు చెప్పు?” అని మరొకరం.

ఈ రెండు మాటలూ రెండు వారాల పాటు మా ఇంట్లో రకరకాలుగా తిరిగాయి.

చివరికి పైథాన్ వాళ్ల పద్ధతి దారి చూపింది. ఒత్తులబడి రాసింది పైథాన్ భాషలోనే. వాళ్లు తాము మద్దతిచ్చే యంత్రాలను మూడు అంచెలుగా పెట్టుకున్నారు. మొదటి అంచెలో బిల్డ్ చెడితే విడుదలే ఆగుతుంది. రెండో అంచెలో ఒక యంత్రం ఉండాలంటే ప్రధాన బృందంలో కనీసం ఇద్దరు, మూడో అంచెలో ఉండాలంటే కనీసం ఒక్కరు, ‘దీన్ని నేను చూసుకుంటాను’ అని పేరు ఇవ్వాలి. పేరు లేకపోతే చోటు లేదు. మేము కూడా జాబితాలో ప్రతి గీతకూ ఎదురుగా ఒక మనిషిని, ఒక తేదీని రాయాలనుకున్నాం. ఆ యంత్రం ముందు కూర్చుని నెలకొకసారి ఒత్తులబడి తెరిచి చూసేది ఎవరు? ఎప్పటిదాకా చూస్తారు?

అలా అనుకున్నాక కొన్ని తేలిగ్గా తెగాయి. ఫోన్లలో కావాలని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఆండ్రాయిడ్ బిల్డ్ పూర్తిగా వేరే సంసారం. మాకు చేతకాదు, లేదు అని రాసేశాం. మేమిప్పుడు ఉన్న మధ్యప్రదేశ్ విద్యాలయంలో విండోస్ 11 ఉంది. దాన్ని మేమే చూసుకుంటాం.

ఒడిశా సరిహద్దు విద్యాలయంలో విండోస్ 7 దగ్గర ఆగిపోయాం. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరి 14తో సెలవు చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.9 దాని మీద నడవదు. నడిచే చివరిదైన 3.8కి కూడా 2024 అక్టోబర్‌తో గడువు తీరింది. తెరమీద బొత్తాలు, అక్షరాలు చూపించే సామగ్రి సంగతి ఇంకొకటి. పైథాన్‌తో పాటే వచ్చే టికింటర్‌ను పరీక్షించాం. విండోస్‌లో తెలుగు చక్కగా కనిపించింది. లినక్స్‌లో మాత్రం ‘పుస్తకం’లో తవత్తు కిందికి దిగనే లేదు. సకారం నెత్తిన పొల్లు, పక్కన నిండు తకారం. ఒత్తులు నేర్పే ప్రోగ్రాంలో ఒత్తే విడిపోతే ఇంకేం మిగులుతుంది? క్యూటీ సామగ్రిలో రెండు చోట్లా సరిగ్గా వచ్చింది. కానీ క్యూటీ 6 విండోస్ 10 కంటే పాతవాటిని పలకరించదు. అందుకని క్యూటీ 5తో ఉండిపోయాం. ఎప్పటికైనా దీన్నీ మార్చక తప్పదు.

విండోస్ 7 కోసం మొత్తం ప్రోగ్రాంను పైథాన్ 3.8 దగ్గరే కట్టి పడేయడం మిగతా మూడు చోట్లకు అన్యాయమనిపించింది. ఆ మాట అక్కడి తెలుగు మేడమ్‌కు ఫోన్‌లో చెప్పాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “ఏటా పిల్లలు మారతారండీ, మా కంప్యూటర్లు మారవు” అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. పాత రూపాన్ని వాళ్ల దగ్గర ఉన్నదున్నట్లు ఉంచి, ఇకపై దీనికి మార్పులు రావని మొదటి తెరమీదే రాశాం. దాంతోపాటు 64 బిట్ డెబియన్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పోస్టులో పంపాం. అది పెట్టి కంప్యూటర్ లేపితే, ప్రాసెసర్ 64 బిట్‌ది కాకపోతే ఆ సంగతి చెప్పి అక్కడే ఆగిపోతుంది. అయితే మామూలుగా లేస్తుంది. మేడమ్ పిల్లలతో కలిసి ఇరవై కంప్యూటర్లూ చూశారు. ఇరవై కూడా లేచాయి. విండోస్ 32 బిట్‌ది వేసినంత మాత్రాన యంత్రం 32 బిట్‌ది కానక్కర్లేదు. చాలా పాత ల్యాబుల్లో ఈ సంగతి ఎవరూ తరచి చూడరు. వాటిలో లినక్స్ వేయడానికి అనుమతి కోసం రాసిన కాగితం ఇంకా బల్లల మీద తిరుగుతోంది.

హిమాచల్‌లో ఇంకా తేలిక. లినక్స్ ముందే ఉంది కాబట్టి, టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌సీపీయూ’ అని కొడితే ప్రాసెసర్ జాతకమంతా చెబుతుంది. అందులో ‘32 బిట్, 64 బిట్’ అని రెండూ కనిపిస్తే 64 బిట్ డెబియన్ వేసుకోవచ్చు. పదిహేడింటిలో పదకొండు అలా తేలాయి. మిగిలిన ఆరు బుల్లి ల్యాప్‌టాప్‌లు. ఇంటెల్ ఆటమ్ ఎన్270 చిప్ ఉన్నవి. ఇవి నికరంగా 32 బిట్‌వే. వాటికి ఏ ఉపాయమూ లేదు.

ఆరు యంత్రాలంటే ఆరుగురు పిల్లలు. కాలాంశానికి ఇద్దరు చొప్పున కూర్చుంటే పన్నెండు మంది. వీళ్లకోసం 32 బిట్ బిల్డ్ వేరే చేయాలా? చేయడం కష్టమేమీ కాదు. 64 బిట్ కంప్యూటర్ లోపలే ఒక 32 బిట్ గది కట్టుకుని అందులో బిల్డ్ చేయవచ్చు. మేమూ అలాగే చేశాం, తప్పులేవీ చూపించలేదు. కానీ ఆ మూట అక్కడికి పంపాక అసలు సంగతి బయటపడింది. ఆ బుల్లి ల్యాప్‌టాప్‌ల తెర ఎత్తు 600 చుక్కలే. ‘సరిచూడు’ బొత్తాం తెర కిందికి జారి, కనిపించకుండా పోయింది. పిల్లలు ఒత్తు ఎంచుకుని, తర్వాత ఏం చేయాలో తెలియక చూస్తూ ఉండిపోయారట. మా ఇంట్లో కట్టుకున్న గదికి ఆ తెర లేదు కదా, దానికెలా తెలుస్తుంది? బొత్తాన్ని పక్కకు జరిపాం. ఆ యంత్రం ముందు మనిషి కూర్చోవాలన్నది అందుకే.

తెలుగువాళ్లకు ఇది మరీ బాగా తెలియాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపపు అక్షరాల కూర్పు ఒకటి తెరమీదికి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. లక్షల ఫోన్లు అమ్మే సంస్థ చూసుకునే పరీక్షల్లో మన జకారం కింద ఞకారం వచ్చే ఆ కూర్పు లేదన్నమాట. అందుకే మా పరీక్ష మాటల్లో మొదటిది ‘జ్ఞానం’. తర్వాత ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’. ఇలా మొత్తం ఇరవై మాటలు.

మరి ఆ ఆరు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చునేదెవరు? మేము అక్కడినుంచి వచ్చేశాం. తెలుగు మాష్టారి చోటు ఖాళీగా ఉంది. చివరికి ల్యాబ్ అటెండెంట్ భాయీసాహబ్ ముందుకొచ్చారు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. “చదవక్కర్లేదు కదా సర్‌జీ, బొమ్మ సరిపోయిందా లేదా అంతే కదా” అన్నారు. ఇరవై మాటలను పెద్ద అక్షరాలతో అచ్చువేసి పంపాం. ఆయన కాగితం తెర పక్కన పెట్టి, కిందికి దిగిన ప్రతి గీతనూ వేలితో పోల్చి చూస్తారు. తెలుగు వచ్చినవాళ్లం మనం మాటను గుర్తుపట్టి గబుక్కున దాటిపోతాం. ఆయన దాటరు. ‘రాష్ట్రం’లో ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయని మాకంటే ముందు చెప్పింది ఆయనే. ఫాంట్ మార్చాం.

అప్పుడు ఆ గీత రాశాం: 32 బిట్ డెబియన్ 12, చూసుకునేది అక్కడి ల్యాబ్ అటెండెంట్, 2028 మార్చి వరకు. విద్యా సంవత్సరం ముగిసే నెల కాబట్టి మార్చి అన్నాం. ఆ తర్వాత లేదు. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నవాళ్లూ, ఏడులో, ఆరులో ఉన్నవాళ్లూ అప్పటికి ఎనిమిదో తరగతి ముగిస్తారు. ఈలోగా ఆరు కంప్యూటర్లు ఎక్కడినుంచైనా వస్తే సరే. రాకపోతే ఆ సంగతి ఇవాళే వాళ్లకు తెలిసి ఉండాలి. తేదీ రాయడానికి మాకు మనసొప్పలేదు. రాయకుండా ఉండడానికి అంతకన్నా ఒప్పలేదు.

పిల్లలు ఒక ప్రశ్న అడిగారు. 2028 దాకా ఎందుకు, ఆ ల్యాప్‌టాప్‌లు పాడయ్యేదాకా నడుపుకోకూడదా? నడుపుకోవచ్చు. ఎవరూ వచ్చి ఆపరు. కాకపోతే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు, నెట్‌కు కలపకూడదు. అవి ఇంకా పదేళ్లు బతికినా మరో గోడ ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ తర్వాతి సెకనుకు తేదీ 1901లోకి దూకుతుంది. డెబియన్ 13లో మిగతా 32 బిట్ రకాలకు ఈ లెక్కను పెద్దది చేశారు గానీ, పాత ప్రోగ్రాంలు చెడకూడదని పీసీ రకాన్ని మాత్రం అలాగే ఉంచారు. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు ఘాతం ముప్పై ఒకటిని సెకన్లుగా తీసుకుని, ఏళ్లలోకి మార్చి చూశారు. అరవై ఎనిమిదేళ్లు దాటింది.

భాయీసాహబ్ నుంచి పోయిన నెల నివేదిక వచ్చింది. కాగితానికి ఫోటో తీసి పంపారు. ఆరు యంత్రాలు, ఇరవై మాటలు, అన్నిటికీ టిక్కులు. నాలుగో ల్యాప్‌టాప్ ఎదురుగా మాత్రం, మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి కానీ తేదీ 2009 చూపిస్తోందని హిందీలో రాశారు. గడియారానికి ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మార్చండి భాయీసాహబ్ అని చెప్పాం. కింద బజారుకు వెళ్లినప్పుడు తెస్తానన్నారు. మంచు పడకముందే వెళ్లి రావాలట.